నేను దిగితేనే కదిలే కారు

మా అమ్మాయి కారు నేను ఎక్కితే స్టార్ట్ కాదు, నేను దిగితే స్టార్ట్ అవుతుంది. ఈ మాట మొదట ఎవరు అన్నారో ఇప్పుడు చెప్పలేను. ఎవరూ అనకముందే నా మనసులో పడిందని మాత్రం తెలుసు. పడ్డాక అది నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. అప్పుడు మా అమ్మాయి కడుపుతో ఉంది. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. ఈసారి అందరం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. కదలనిది కారు ఒక్కటే అయితే నాకంత భయం ఉండేది కాదు. నేను ఉన్నచోట ఏదీ ముందుకు సాగదేమో, ఆ బిడ్డ కూడా నిలవదేమో అని నా భయం.

నేను పుంగనూరు పక్కన ఒక పల్లెలో పుట్టి, ఆ పల్లెలోనే మెట్టి, ఆ పల్లెలోనే కూలికి పోయి బతికినదాన్ని. చెనక్కాయ చేలల్లో కలుపు తీశాను, టమోటాలు కోశాను, రెండు ఆవులను పెట్టుకుని పాలు పోశాను. అమ్మాయి బడికి పోతున్న రోజుల్లోనే మా ఆయన పోయాడు. అమ్మాయి చదువుకుని, మదనపల్లెలో సచివాలయం ఉద్యోగం తెచ్చుకుని, నన్ను కూడా తీసుకుపోయింది. అక్షరాలు నేను ఆ ఊళ్లోనే నేర్చుకున్నాను, తల నెరిశాక. సాయంత్రాలు పాత క్యాలెండర్ల వెనక అది రాసిస్తే నేను దిద్దేదాన్ని. ఆదివారాలు బస్టాండుకు తీసుకుపోయి బస్సుల బోర్డులు చదివించేది. పుంగనూరు, బి.కొత్తకోట, పలమనేరు. నేను ఆపకుండా చదివిన మొదటి మాటలు ఊళ్ల పేర్లే.

కారు కొన్నది అల్లుడి పోరు మీద. అల్లుడికి కుప్పం వైపు ఒక బడిలో పంతులు ఉద్యోగం. వారమంతా ఆ ఊళ్లోనే ఉండి, సెలవు రోజుల్లో మదనపల్లెకు వచ్చేవాడు. వాళ్ల అమ్మ, అంటే మా వియ్యపురాలు, రామకుప్పం దగ్గర పల్లెలో ఉంటుంది. మూడు ఊళ్ల మధ్య తిరగడానికి బస్సులతో పడలేక ఒక పాత కారు తీసుకున్నారు. పాతదైనా బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే రకం. అమ్మినవాళ్లు ఒక్క తాళమే ఇచ్చారు, రెండోది పోయిందట.

తాళం అంటామే గానీ అది తాళంలా ఉండదు. సబ్బు అరగ్గా అరగ్గా మిగిలే ముక్కలాగా నున్నగా, నల్లగా ఉంటుంది. మీద రెండు మూడు గుండీలు. దాన్ని దూర్చేది లేదు, తిప్పేది లేదు. లోపల కూర్చున్న ఎవరి దగ్గర ఉన్నా సరే, అది వచ్చిందని బండికే తెలిసిపోతుందట. మనిషిని పసిగట్టే బండి అనిపించింది.

మా ఇళ్లలో తాళం ఏదైనా పెద్ద ఆడమనిషి నడుముకే చేరుతుంది. నాకు నడుముకు దోపుకునే వక్కాకు సంచి ఉంది. ఇంటి తాళం, బీరువా తాళం, చిల్లర, వక్కాకు అన్నీ దాంట్లోనే. అల్లుడు మతిమరుపు మనిషి. కళ్లద్దాలు తల మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. అందుకని కారు తాళం కూడా, నేను వెంట ఉన్నప్పుడు, నాకే ఇచ్చేవాడు. ఆఫీసుకు పోయేటప్పుడు మాత్రం అమ్మాయి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుపోయేది.

మొదట్లో తాళం సంచిలో ఊరికే పడి ఉండేది. ఒకసారి మా పల్లెలో ఒక పెద్దాయన పోతే చూడడానికి వెళ్లాం. ఆడవాళ్లతో కలిసి నేల మీద చతికిలబడ్డాను. సంచి పొట్ట కింద నలిగి ఏ గుండీ నొక్కుకుందో, వీధి మొగదల్లో కారు కేకలు పెట్టడం మొదలుపెట్టింది. లైట్లు కొట్టుకుంటున్నాయి, ఆగదు. పాడె ఎత్తబోయినవాళ్లు అట్లే నిలబడిపోయారు. తప్పెట వాయించేవాడు కూడా ఆపేశాడు.

"ఏమ్మా, పోయినోణ్ని లేపేటట్టుండావే నీ కారుతో!" అన్నాడు ఒక ముసలాయన. ఏడ్చేవాళ్లు కూడా నవ్వారు.

ఇంటికి వచ్చాక అమ్మాయి గట్టిగా చెప్పింది. "దాన్ని అదమకుండా పెట్టుకోమ్మా. పరువు పోతాండాది."

సరే అని ఆ రోజు నుంచి తాళాన్ని మా అత్త నాకిచ్చిన ఇత్తడి డబ్బీలో పెట్టడం మొదలుపెట్టాను. అరచేతిలో పట్టేంత డబ్బీ, బిగుతు మూత. వక్కలు దాంట్లో పోసుకునేదాన్ని. వక్కల మీద తాళం పెట్టి మూత నొక్కితే ఏ గుండీ అదుముకునే భయం లేదు. డబ్బీ సంచిలో, సంచి నడుములో, దాని మీద పైట. నేను చేసిన ఏర్పాటు నాకే బాగుందనిపించింది. దాన్ని ఎవరికీ చెప్పాలని కూడా తోచలేదు.

కారు మొదటిసారి మొరాయించింది పుంగనూరులో. మా ఆడబిడ్డ ఇంటికి పోయి వస్తూ బస్టాండు ముందర పండ్లు కొందామని ఆపాం. కొన్నాం, ఎక్కాం. అల్లుడు బటన్ నొక్కాడు. కుంయ్ మని ఒక శబ్దం వచ్చింది, అంతే. ముందరి అద్దాల పలకలో ఇంగ్లీషులో ఏదో వెలిగింది.

"కీ లేదంటాండాది," అన్నాడు అల్లుడు. "అత్తా, కీ నీ దగ్గరే కదా?"

"ఈడే ఉండాదప్పా," అని నడుము తట్టి చూపించాను.

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే శబ్దం. వెనక బస్సు వచ్చి నిలబడి హారన్ కొడుతోంది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏమప్పా, ఈడనే కాపురం పెడతావా? పొయ్యి రాళ్లు తెచ్చియ్యమంటావా?" అని అరిచాడు. అమ్మాయికి చెమటలు పడుతున్నాయి. బండి బరువు తగ్గితే కదులుతుందేమోనని నేను దిగాను. దిగుతూ, "నువ్వే పెట్టుకో నాయనా," అని పక్కకు తిరిగి, పైట చాటున సంచి విప్పి తాళం తీసి అల్లుడి చేతిలో పెట్టాను. నొక్కాడు. చక్కగా స్టార్ట్ అయింది.

తర్వాత నేను ఎక్కాను, ఇల్లు చేరాం. ఆ రోజు ఎవరూ ఏమీ అనుకోలేదు.

మరోసారి కూరగాయల మార్కెట్టు దగ్గర. ఇంకోసారి గుడి ముందు. ప్రతిసారీ ఒకటే తంతు. నొక్కుతారు, కాదు. దిగుతారు, చూస్తారు. నేను దిగి, తాళం ఇచ్చేసి, పక్కన నిలబడతాను. అప్పుడు స్టార్ట్ అవుతుంది. నేను లేకుండా అమ్మాయి ఒక్కతే ఆఫీసుకు పోతే ఏ రోజూ ఆగలేదు. అట్లాగని నేను ఎక్కిన ప్రతిసారీ ఆగిందా అంటే అదీ లేదు. వక్కాకు నములుతూ నిమ్మళంగా కూర్చున్న రోజు ఒక్క నొక్కుకే స్టార్ట్ అయ్యేది. గుండె దడదడలాడుతూ ఎక్కిన రోజు కచ్చితంగా ఆగేది. అది నాకు ఇంకా భయం. నా లోపలి భయం కూడా దానికి కనిపిస్తోందా?

అల్లుడు మదనపల్లెలో మెకానిక్ దగ్గరకు తీసుకుపోయాడు. ఆ తాళం లోపల కూడా ఒక చిన్న బ్యాటరీ బిళ్ల ఉంటుందట, అది మార్చాడు. బండి బ్యాటరీ చూశాడు, వైర్లు కదిలించి చూశాడు. ఎన్నిసార్లు నొక్కినా స్టార్ట్ అయింది. "బండి బంగారం మాదిరి ఉండాది సార్. ఆగినప్పుడు తీసకరాండి, సూస్తా," అన్నాడు. ఆగినప్పుడు ఎట్లా తీసుకుపోతారని అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ షెడ్డుకు నేను పోలేదు. నేను లేను కాబట్టే బంగారంలా ఉందని అనుకున్నాను.

మా ఇంటి ఓనరమ్మ చెబితే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. గుమ్మడికాయ దిష్టి తీశాం. ముందర మిరపకాయలు కట్టాం. ఆ మరుసటి వారమే కారు మళ్లీ ఆగింది, నాతో.

వియ్యపురాలు ఒకసారి మదనపల్లెకు వచ్చింది. ఆమె చెడ్డ మనిషి కాదు. నోరు ముందు, మనసు తర్వాత. కొడుకు ఈ సంగతి చెప్పగా విని, నా వైపు తిరిగి, నవ్వుతూనే అంది: "ఏమి వదినా, బండి కూడా నీ బొట్టు లేని మొగం సూసి జడుసుకుంటాండాదా?"

"అమ్మా, ఏం మాటలవి!" అని అల్లుడు కసిరాడు.

"తమాషాకంటినప్పా! వదినకు తెలీదా నా సంగతి?" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేనూ నవ్వాను. వంటింట్లోకి పోయి గిన్నెలు తోమాను. తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. ఆమె చెప్పింది కొత్త మాట అయితే బాధపడేదాన్ని. నేను లోపల మొదటినుంచీ అనుకుంటున్నదే బయటినుంచి వినబడింది. మొదటి కడుపు పోయినప్పుడు అమ్మాయి పక్కన ఉన్నది నేను. రెండోది పోయినప్పుడూ నేనే. ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయింది నా ఒళ్లో పెట్టుకునే. ఆ రెండుసార్లూ లెక్కలోకి రానిది ఇప్పుడు ఈ కారు చూపిస్తోందేమో.

అప్పటినుంచి నేను కారు ఎక్కడం మానుకున్నాను. చెప్పి మానలేదు. "మీరు పోతా ఉండండి, నాకు ఈడ పనుండాది," అని, వెనక బస్సులో పోయేదాన్ని. బోర్డులు చదవడం వచ్చు కాబట్టి ఎవరినీ అడిగే పని లేదు. ఆ చదువు నేర్పించినందుకు అమ్మాయి కొన్నిసార్లు చిరాకు పడేది. "బస్సుల మీద అంత మోజేందమ్మా నీకు? కారు పెట్టుకొని బస్సులో పడి వస్తావు!" కిటికీ పక్క సీట్లో కూర్చుని, ముందు వాళ్ల కారు క్షేమంగా పోతోందని ధైర్యం తెచ్చుకునేదాన్ని. పుంగనూరు దాటేవరకు దేవుళ్లకు దండం పెడుతూనే ఉండేదాన్ని.

నెలలు నిండుతూ వచ్చాయి. ఈసారి కడుపు నిలిచింది. డాక్టరమ్మ బీపీ కొంచెం ఎక్కువగా ఉందని, జాగ్రత్తగా చూసుకోమని చెప్పింది. వియ్యపురాలు తన ఇంట్లో సీమంతం చేసి పంపిస్తానంది. సీమంతం అయ్యాక అమ్మాయిని పుట్టింటికి తీసుకురావాల్సినదాన్ని నేనే. పుట్టిల్లంటే నేనే కదా, వేరే ఎవరున్నారు?

"రామకుప్పం దాకా బస్సులో పోతాలే," అన్నాను.

"వచ్చేటప్పుడు నేనొక్కదాన్ని వెనక సీట్లో పడుకొని రావల్లనా? నడుము యాడ పెట్టుకోను?" అంది అమ్మాయి. దాని మొహం అప్పటికే ఉబ్బి ఉంది. కాదనలేకపోయాను. పోయేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు కారు అని ఒప్పుకున్నాను.

సీమంతం బాగా జరిగింది. గాజులు తొడిగే వరసలో నేను లేను. వాకిట్లో అరటాకులు కడుగుతూ, చప్పుడు వింటూ ఉన్నాను. రాగిముద్ద, చెనక్కాయల పచ్చడి, పాయసం. భోజనాలయ్యాక, పొద్దు వాలకముందే బయలుదేరాలని అందరూ తొందరపెట్టారు. చుట్టుపక్కల చేలల్లోకి ఏనుగులు దిగుతున్నాయి, రాత్రి అయితే ఆ దారి మంచిది కాదు. అల్లుడు సామాను సర్ది, బండి స్టార్ట్ చేసి, అలవాటు ప్రకారం తాళం వెనక్కి చాచాడు. "అత్తా, పట్టుకో."

తీసుకున్నాను. డబ్బీలో పెట్టి, మూత బొటనవేళ్లతో గట్టిగా అదిమాను. కారు ఆగకుండా ఉంటే చాలు అనుకున్నాను. ఒకసారి స్టార్ట్ అయ్యాక ఇల్లు చేరేదాకా ఆపకుండా పోతే నా వల్ల ఏమీ కాదు. అమ్మాయి నా ఒళ్లో తల పెట్టుకుంది.

కొంత దూరం పోయేసరికి అది నా మోకాలు పట్టుకుంది. "అమ్మా, నడుము పట్టేస్తాండాది. పొట్ట రాయి మాదిరి అయిపోతాండాది."

"ఇంకా నెలలు నిండలేదు కదా," అన్నాడు అల్లుడు. "మదనపల్లె వద్దు, కుప్పానికి తిప్పుతా. ఆసుపత్రి దగ్గరవుతుంది."

కుప్పం దారి పట్టాం. ఒక మలుపులో ముందర బండ్లు నిలబడి ఉన్నాయి. రెండు మోటారు సైకిళ్లు, ఒక పాల వ్యాను. కర్రలు పట్టుకున్న మనుషులు రోడ్డు మీద అడ్డంగా ఉన్నారు. ఒకాయన మా కిటికీ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "బండి ఆఫ్ చెయ్యి సామీ. హారన్ కొట్టొద్దు. పెద్దాయన దాటుతాండాడు."

అల్లుడు ఆఫ్ చేశాడు. ఆ శబ్దం ఆగిపోగానే నా చెయ్యి నడుములోని డబ్బీ మీదికి పోయింది.

ముందర ఏనుగులు రోడ్డు దాటుతున్నాయి. ఒక పెద్దది, ఒక చిన్నది, ఇంకొక పెద్దది. తొందర లేదు వాటికి. దుమ్ములో నడిచినట్టు మెత్తగా, చప్పుడు లేకుండా దాటి, అవతలి చెట్లలోకి పోయాయి. చివరిది మాత్రం పోలేదు. రోడ్డు పక్క రాగిచేనులో నిలబడి, తొండంతో కంకులు పెరికి, కాలికి కొట్టి మన్ను దులిపి, నోట్లో పెట్టుకుంటోంది. చెవులు ఆడుతున్నాయి. మాకూ దానికీ మధ్య ముళ్లకంప ఒకటే అడ్డం.

"ఇప్పుడు పోండి, పోండి! మెల్లగా పోండి!" అన్నారు కర్రల మనుషులు. మోటారు సైకిళ్లు పోయాయి. పాల వ్యాను పోయింది. అల్లుడు బటన్ నొక్కాడు.

కుంయ్.

మళ్లీ నొక్కాడు. అదే.

"ఏమప్పా, పో!" అని బయటినుంచి చేతులు ఊపుతున్నారు. అమ్మాయి నా ఒళ్లో మూలిగింది. దాని నుదురు తడిగా ఉంది. ఏనుగు తొండం ఆపి మా వైపు తిరిగింది.

నేను అప్పుడు ఆలోచించింది ఒకటే. నేను దిగితే ఇది కదులుతుంది. ఇంతకాలం కదిలింది, ఇప్పుడూ కదులుతుంది. నన్ను ఆ దారిలో వదిలి వీళ్లు పోతే చాలు. ఏనుగు నన్ను చేసేదేముంది? చేసినా పరవాలేదు. అమ్మాయి తల మెల్లగా సీటు మీద పెట్టి తలుపు తీశాను.

"యాడికి పోతాండావమ్మా?" అంది అది.

"మీరు పోండి. నేను వెనక వస్తా. నేను దిగితే పోతాది బండి."

నడిచాను. వెనక్కి, వచ్చిన దారిలోనే. కర్రల మనిషి ఒకాయన, "ఏయమ్మా! యాడికి? ఎక్కు బండి!" అని అణిచిన గొంతుతో అరుస్తున్నాడు. నేను చెవులు పెట్టింది ఇంజను చప్పుడు కోసం. అది రాలేదు. కుంయ్ మంది. మళ్లీ కుంయ్ మంది. నా నీడ ఇంకా బండి వైపే పడి ఉంది, పొద్దు వాలుతోంది కదా, బారుగా పడింది. ఆ నీడ కూడా దాని మీద ఉండకూడదేమోనని ఇంకా దూరం పోయాను. ఇంజను చప్పుడు రాలేదు.

నేను దిగినా కదలకపోవడం అదే మొదటిసారి. ఆ సంగతి నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇంక మా అమ్మాయికి దిక్కు లేదని మాత్రం అనిపించి నిలబడిపోయాను.

అల్లుడు కిటికీలోంచి సగం బయటికి వచ్చి అరిచాడు. "అత్తా! కీ! కీ నీ నడుములోనే ఉండాది!"

పరుగెత్తాను. ఆ వయసులో, ఆ చెప్పులతో ఎట్లా పరుగెత్తానో తెలియదు. చేనులో చెవులు విప్పార్చుకుని ఏనుగు ఒక అడుగు ముందుకు వేసింది. కర్రల వాళ్లు డబ్బాలు కొట్టడం మొదలుపెట్టారు. తలుపు దగ్గర సంచి విప్పాను, డబ్బీ తీశాను, మూత రాదు. చెమట చేతులు జారిపోతున్నాయి. నేను అదిమిన మూత నాకే రావడం లేదు.

"ఏందత్తా అది? డబ్బీలో యాల పెట్టినావు?"

పంటితో పట్టి లాగాను. మూత ఒకవైపు, వక్కలన్నీ ఒకవైపు, తాళం అమ్మాయి చీర కుచ్చిళ్ల మీద పడింది. అల్లుడు నొక్కాడు. ఇంజను గుర్రుమంది.

నేను ఇంకా పూర్తిగా ఎక్కలేదు. ఒక కాలు లోపల, ఒక కాలు రోడ్డు మీద. అయినా స్టార్ట్ అయింది. అది కూడా నాకు అప్పుడు తట్టలేదు. లోపల పడ్డాను. తాళం మళ్లీ ఎక్కడ పోతుందోనన్న భయానికి దాన్ని ఏరి, డబ్బీలో పెట్టి, మూత అదిమి, అప్పుడు తలుపు వేశాను. బండి కదిలింది. వెంటనే కీచుమని మోత మొదలైంది.

"మళ్లీ కీ లేదంటాండాది! ఏందిది!" అన్నాడు అల్లుడు. అతని మెడ మీద నరాలు ఉబ్బాయి.

అమ్మాయి పళ్లు బిగించి, సగం లేచి, నా చేతుల వైపు చూసింది. అంత నొప్పిలో అంత స్థిమితంగా ఎట్లా అడిగిందో నాకు ఈరోజుకీ ఆశ్చర్యమే.

"అమ్మా, ఆ డబ్బీ తెరువు."

తెరిచాను. మోత ఆగిపోయింది.

అమ్మాయి మళ్లీ నా ఒళ్లో తల పెట్టింది. నేను తెరిచిన డబ్బీని అరచేతిలో, దీపం పట్టుకున్నట్టు పట్టుకుని కుప్పం దాకా కూర్చున్నాను. మూత ఎక్కడ పడిందో కూడా చూడలేదు.

ఆసుపత్రిలో అమ్మాయిని లోపలికి తీసుకుపోయారు. బయట బెంచీ మీద నాకు కారు గుర్తు లేదు, డబ్బీ గుర్తు లేదు. ఆ తలుపు తెరిచి ఎవరు ఏం చెబుతారోనని దాన్నే చూస్తూ కూర్చున్నాను. రెండుసార్లు ఇట్లాంటి తలుపుల ముందే కూర్చున్నాను. చివరికి డాక్టరు బయటికి వచ్చి, అవి కాన్పు నొప్పులు కావని, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని, బీపీ తగ్గేదాకా ఉంచుకుంటామని చెప్పింది. బిడ్డ గుండె చప్పుడు పెట్టి వినిపించారు. గుర్రం పరుగెత్తినట్టుంది.

అల్లుడు నన్ను ఆసుపత్రి వాకిట్లోకి పిలిచాడు. "అత్తా, రా. కార్లో కూర్చో."

"యాలప్పా?" అన్నాను.

"రా అంటి కదా."

కూర్చున్నాను. అతను సీటు కింద వెతికి మూత తీసి ఇచ్చాడు. "తాళం డబ్బీలో పెట్టు. ముయ్యి. గట్టిగా." మూశాను. నొక్కాడు. కుంయ్. "తెరువు." తెరిచాను. నొక్కాడు. స్టార్ట్ అయింది. ఆఫ్ చేశాడు. "ముయ్యి." కాలేదు. "తెరువు." అయింది.

"ఇత్తడి అడ్డం పడితే కీ మాట బండికి వినపళ్లేదత్తా. అంతే. నేను నీ నడుము సూస్తి గానీ, నడుములో ఏముండాదో ఎప్పుడూ అడగలేదు."

"ఇంకోసారి సూడు," అన్నాను.

చూశాడు.

"ఇంకోసారి."

వాకిట్లో వాచ్‌మెన్ మా దగ్గరకు వచ్చి, "ఏందిమ్మా, కొత్త బొమ్మ కొనిచ్చినాడా అల్లుడు? ఆడుకుంటాండారు!" అన్నాడు. అల్లుడు నవ్వాడు. నాకు మాత్రం ఇంకోసారి చూడాలనే ఉంది. నేను లోపల ఉన్నాను. బండి స్టార్ట్ అవుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని అట్లాగే కూర్చున్నాను.

తర్వాత నింపాదిగా ఆలోచిస్తే ఒక్కొక్కటీ విడిపోయింది. నిమ్మళంగా ఉన్న రోజు వక్క తీసుకుంటూ మూత తెరిచే ఉంచేదాన్ని. భయపడిన రోజు నోట్లోకి వక్క పోయేది కాదు, మూత గట్టిగా అదిమేదాన్ని. భయపడేకొద్దీ బిగించాను, బిగించేకొద్దీ బండి ఆగింది, ఆగేకొద్దీ భయపడ్డాను. ఇంత తెలిసినా, తెలిసినంత మాత్రాన భయం పోయిందని చెబితే అబద్ధం. ఇన్ని నెలలు నేను నమ్మింది కారును మాత్రమే కాదు కదా. ఆటోలో పోయిన ఆ రెండు కడుపుల సంగతికి ఏ డబ్బీ తెరిచి చూడాలి?

వియ్యపురాలికి చెబితే ఆమె గెడ్డం మీద వేలు పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "అయితే ఆ డబ్బీకే ఏదో పట్టుకోనుండాది వదినా. దిష్టి తీసి ఏట్లో పారెయ్," అంది. మళ్లీ తనే, వెళ్లేముందు, నా వక్కాకు సంచిలోంచి ఒక వక్క తీసుకుని నోట్లో వేసుకుంది. నేను దాన్ని ఆమె క్షమాపణ అనుకున్నాను. కాకపోయినా పరవాలేదు.

బిడ్డ మదనపల్లెలోనే పుట్టింది. కాన్పుకు పోయేటప్పుడు నేను కారులోనే పోయాను. తాళాన్ని అరచేతిలో, విప్పిన పిడికిలిలో పట్టుకుని. ఆ ప్రయాణం నాకు ఏమీ గుర్తు లేదు, చెయ్యి తిమ్మిరెక్కింది తప్ప. గుర్తున్నది తిరిగి ఇంటికి వచ్చిన రోజు.

పొద్దున. ఎండ ఇంకా ముదరలేదు. ఆసుపత్రి మెట్ల ముందు కారు తెచ్చి నిలబెట్టాడు అల్లుడు. వియ్యపురాలు హారతి పళ్లెం సిద్ధం చేయడానికి ముందే ఇంటికి పోయింది. అమ్మాయి వెనక సీట్లో కూర్చుంది. నేను కిందే నిలబడ్డాను. గుడ్డలో చుట్టిన బిడ్డను నా చేతుల్లో పెట్టి నర్సమ్మ పోయింది. నా కాళ్లు ముందుకు పోలేదు. బిడ్డను లోపలికి అందించి, నేను బస్సులో రానా అని నోటి దాకా వచ్చింది. బస్టాండు దగ్గరే. బోర్డు చదవడం వచ్చు.

"ఎక్కమ్మా," అంది అమ్మాయి.

"తాళమో?" అన్నాడు అల్లుడు, దాన్ని నా వైపు చాచి. "నా దగ్గర పెట్టుకుంటే మళ్లీ యాడో పారేస్తా. నువ్వే పట్టుకో."

"చేతుల్లో బిడ్డ ఉండాది కదప్పా. యాడ పెట్టుకోను?"

"బిడ్డ గుడ్డల్లో పెట్టు," అంది అమ్మాయి. "పొలంలో పెట్టు, గంపలో పెట్టు, యాడన్నా పెట్టు. మా అవ్వ ఇచ్చిన డబ్బీలో మాత్రం పెట్టొద్దు."

ఎక్కాను. బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని, తాళాన్ని దాని పాదాల దగ్గర గుడ్డ మడతలో పెట్టాను. అది నిద్రలో కాలు ఆడించి దాన్ని ఒక్క తన్ను తన్నింది. అల్లుడు తలుపు వేశాడు. ముందర కూర్చున్నాడు. వేలు బటన్ మీద పెట్టాడు. నేను ఊపిరి పీల్చడం మానేశాను. ఈరోజుకీ ఆ ఒక్క క్షణం మానేస్తాను.

నొక్కాడు. కారు కదిలింది. నేను లోపలే ఉన్నాను.